పేరు చేతికందాలి

మా రోజుల్లో ఢిల్లీ వెళ్తే ఇండియా గేటు చూడాల్సిందే. 1931లో తెరిచారు దాన్ని. 42 మీటర్ల ఎత్తు. 13 వేల పైచిలుకు పేర్లు చెక్కి ఉన్నా, మెడ నొప్పెట్టేలా తలెత్తి చూసి అబ్బో అనుకోవడమేగానీ ఒక్క మనిషీ మనసులోకి వచ్చేవాడు కాదు. పైగా అవి తెల్లదొరల కాలంలో పోయినవాళ్ల పేర్లు. 71 యుద్ధంలో పోయినవాళ్ల కోసం 1972 జనవరి 26న దాని కింద అమర్ జవాన్ జ్యోతి వెలిగించారు. నల్ల చలువరాతి దిమ్మె, తలకిందులుగా నిలిపిన తుపాకీ, దానిమీద హెల్మెట్. అంతే.

1974లో మా పెద్దమ్మను తీసుకెళ్లాను. ఆ యుద్ధంలోనే ఆమె కొడుకు, మా అన్న, పోయాడు.

"వీడి పేరెక్కడరా?" అంది.

"అందరిదీ కలిపి అదే పెద్దమ్మా" అన్నాను.

దగ్గరికి పోనివ్వరు. ఉన్నచోటి నుంచే ఆ హెల్మెట్ వైపు చేతులు చాచి, కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. పేరు లేదు కాబట్టే అది ఆమెకు కొడుకు తల అయింది. ఆ సంగతి నేను కాదనను. కానీ ఇంటికొచ్చాక కూడా పేరు రాయలేదేమని పోయేదాకా అడుగుతూనే ఉంది.

జ్యోతి వెలిగించాక పేర్లు రాయడానికి 47 ఏళ్లు పట్టింది మనవాళ్లకు! 2019 ఫిబ్రవరిలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. కట్టినవాళ్లను మాత్రం మెచ్చుకోవాలి. నేల మట్టానికి దిగువకు దింపారు, ఎవరి మీదా ఎత్తు చూపించదు. త్యాగ చక్రంలో గోడలు చక్రవ్యూహంలా చుట్టూ నిలబడతాయి. రాయికో మనిషి, బంగారు రంగు అక్షరాల్లో పేరు, హోదా. 25,942 పేర్లతో తెరిచారు. వాటి మధ్య నడుస్తుంటే మాట దానంతటదే ఆగిపోతుంది.

ఆగాలి గదా! ఈ కాలం పిల్లలు ఆ గోడకు వీపు ఆనించి ఫోన్ ఎత్తుతారు. పేరున్న గోడకు ముఖం చూపించాలిగానీ వీపు చూపిస్తారా? నచ్చనిది ఇంకోటీ ఉంది. 2022లో ఇండియా గేటు కింది జ్యోతిని తెచ్చి ఇక్కడి జ్యోతిలో కలిపారు, తుపాకీనీ హెల్మెట్‌నీ అక్కణ్నుంచి తీసేశారు. పెద్దమ్మ మెటికలు విరిచిన చోటు ఇప్పుడు ఖాళీ. నాకది మింగుడుపడలేదు.

అన్న పేరు వెతికి వెతికి పట్టుకునేసరికి ఓ కుర్రాడు సరిగ్గా దానిమీదే భుజం ఆనించి నవ్వుతున్నాడు.

"బాబూ, కాస్త జరుగు. మావాడి పేరు" అన్నాను.

ఫోన్ జేబులో పెట్టేసి పక్కకు తప్పుకున్నాడు. అక్షరాల మీద వేళ్లు పెట్టాను. ఎండకు రాయి వెచ్చగా ఉంది.