పుస్తకంతో పనిలేని పుస్తక తగవు

నల్లజాతి సాధికారత గురించి అమెరికాలో ఎవరు పుస్తకం రాసినా రెండు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. చదువు, వ్యాపారం, పొదుపు నేర్చుకుని నల్లవాళ్లు తమ కాళ్ల మీద నిలబడాలని రాస్తే, తెల్లవాళ్ల పాపం కడిగేశారని ఒక వర్గం విరుచుకుపడుతుంది. ముందు ఆ కాళ్లకు సంకెళ్లు ఎవరు వేశారో తేల్చమని రాస్తే, సాకులు నేర్పి జాతిని చెడగొడుతున్నారని ఇంకో వర్గం లేస్తుంది. రెండూ కలిపి రాసిన రచయితకు రెండు వర్గాల చేతా తిట్లు తినే అదృష్టం దక్కుతుంది. ఈ ప్రశ్నపత్రం 1895లో తయారైంది. అప్పటినుంచీ అందులో ప్రశ్నలు మారలేదు. మార్కులు వేసేవాళ్లు జవాబుపత్రం చదివే అలవాటు మాత్రం మానుకున్నారు.

ప్రశ్నపత్రానికి మూలపురుషుడు బుకర్ టి. వాషింగ్టన్. బానిసగా పుట్టి, అలబామాలోని టస్కెగీలో 1881లో మొదలైన బడిని పేరున్న విద్యాసంస్థగా నిలబెట్టిన మనిషి. 1895 సెప్టెంబరులో అట్లాంటా ప్రదర్శనలో మాట్లాడుతూ, సామాజిక సమానత్వం కోసం ఇప్పుడే పట్టుబట్టకుండా ముందు సేద్యం, చేతిపనులు నేర్చుకుని నాలుగు డబ్బులు వెనకేసుకుందామని చెప్పారు. తెల్లవాళ్లు చప్పట్లతో సభ మారుమోగించారు. దక్షిణాది తెల్లవాళ్లకు ఒక నల్ల నాయకుడి ప్రసంగం అంతగా నచ్చిందంటే ఎక్కడో ఏదో తేడా కొట్టిందని గ్రహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అదే ఏడు హార్వర్డ్‌లో డాక్టరేట్ అందుకున్న నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ మాత్రం ఆ ప్రసంగానికి మొదట అభినందనలు పంపారు. అనుమానం తర్వాత మెల్లగా వచ్చింది. వచ్చాక పోలేదు.

వాషింగ్టన్ ఆత్మకథ 'అప్ ఫ్రమ్ స్లేవరీ' 1901లో పుస్తకంగా వచ్చింది. 1903లో డుబాయిస్ 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' రాసి, అందులో ఒక అధ్యాయం మొత్తం వాషింగ్టన్‌కే కేటాయించారు. ఓటు హక్కు, పౌర సమానత్వం, పైచదువులు వదులుకుంటే చేతిలో మిగిలే సుత్తీ నాగలీ ఎవరి పొలంలో పనికొస్తాయని అడిగారు. 1894లో టస్కెగీ నుంచి డుబాయిస్‌కు లెక్కల మేష్టారు ఉద్యోగం ఇస్తామని కబురు వచ్చిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అప్పటికే ఆయన ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్‌కు మాటిచ్చేశారు. ఆ కబురు ఒక్క వారం ముందు వచ్చి ఉంటే అమెరికా మేధో చరిత్రలో ఇంత పెద్ద తగవు టస్కెగీ స్టాఫ్‌రూమ్ దాటేది కాదేమో.

అదే 1903 జూలైలో వాషింగ్టన్ బోస్టన్‌లోని ఒక చర్చిలో మాట్లాడటానికి వెళితే, 'గార్డియన్' పత్రిక సంపాదకుడు విలియం మన్రో ట్రాటర్, ఆయన అనుచరులు ప్రశ్నలతో నిలదీశారు. వేదిక మీద ఎవరో కారం చల్లారు. కుర్చీలు తిరగబడ్డాయి, పోలీసులొచ్చారు, ట్రాటర్‌కు నెల రోజుల జైలు పడింది. ఇప్పటి సామాజిక మాధ్యమాల్లో మర్యాద నశించిందని వాపోయేవాళ్లు ఈ కారం సంగతి దృష్టిలో పెట్టుకోవాలి. బ్లాక్ చేసే మీట ఇంకా పుట్టని కాలం కనుక ఎదుటివాళ్ల కళ్లనే మూయించాల్సి వచ్చింది. ఒక తేడా మాత్రం ఉంది. ట్రాటర్ జైలుకెళ్లింది వాషింగ్టన్ రాసినవీ చెప్పినవీ క్షుణ్ణంగా తెలిసి.

1930లకు వచ్చేసరికి తగవు నవలల్లోకి దిగింది. ఫ్లోరిడా నల్లవాళ్ల మాటతీరులో, జానీ అనే స్త్రీ ప్రేమలూ పెళ్లిళ్లూ కథగా జోరా నీల్ హర్‌స్టన్ 1937లో 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' రాశారు. మరో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ దాన్ని 'న్యూ మాసెస్' పత్రికలో చీల్చిచెండాడారు. ఇతివృత్తం లేదు, సందేశం లేదు, తెల్ల పాఠకులకు కాలక్షేపం అని ఆయన ఫిర్యాదు. మరుసటి ఏడు రైట్ కథల పుస్తకం 'అంకుల్ టామ్స్ చిల్డ్రన్' వచ్చినప్పుడు సమీక్షించే అవకాశం హర్‌స్టన్‌కు దొరికింది. నిండా ద్వేషమే తప్ప నల్లవాళ్ల జీవితంలోని మిగతా సగం కనపడలేదని, పాత్రల యాస రాయడానికి కాస్త చెవి ఉండాలని ఆమె బాకీ తీర్చేశారు. నల్లజాతి స్త్రీ సుఖంగా ప్రేమించడం సాధికారతా, కాదా అన్న ప్రశ్న అప్పుడు తేలలేదు. తేల్చే తీరిక మగ సమీక్షకులకు లేదు.

రైట్ వంతు 1949లో వచ్చింది. ఆయన సిఫారసుతోనే ఫెలోషిప్ అందుకున్న జేమ్స్ బాల్డ్విన్ పారిస్‌లో కూర్చుని ఒక వ్యాసం రాశారు. బానిసత్వం మీద హారియట్ బీచర్ స్టోవ్ రాసిన నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్'ను ఉతికి ఆరేసి, వ్యాసం చివర్లో రైట్ నవల 'నేటివ్ సన్'ను కూడా అదే తీగ మీద వేశారు. నిరసన నవల మనిషిని మనిషిగా కాక ఒక సమస్యగా చూపిస్తుందని ఆయన వాదన. రైట్ ఆయన్ని ఒక పారిస్ హోటల్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని నిలదీశారు. పెంచిన చేతినే కరిచిన కథ కనుక లోకం ఈనాటికీ ఈ సంఘటననే చెప్పుకుంటుంది. వ్యాసం చదివినవాళ్లు తక్కువ.

ఈ గొడవల్లో అందరికంటే ఎక్కువ నష్టపోయింది హర్‌స్టన్. ఆమె పుస్తకాలు అచ్చులో లేకుండా పోయాయి. 1960లో ఫోర్ట్ పియర్స్‌లో పేదరికంలో చనిపోతే సమాధికి గుర్తు రాయి కూడా లేదు. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ ఆ శ్మశానంలోని గడ్డిలో వెతికి రాయి పెట్టించారు. సందేశం లేదన్న ఆ నవలే ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పాఠ్యపుస్తకం. దాని మీద సెమినార్ పత్రాలు సమర్పించి పదోన్నతులు పొందేవాళ్లకు కొదవ లేదు.

చరిత్ర పుస్తకాల దగ్గర తగవు ఇంకో రూపం తీసుకుంటుంది. అనువాదకుడు సహవాసి చేతుల మీదుగా 'ఏడు తరాలు'గా తెలుగువాళ్ల ఇళ్లకు చేరిన అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. అందులోని కుంటా కింటే కోసం ఇక్కడి పాఠకులు కంటతడి పెట్టుకున్నారు. అమెరికాలో అంతకంటే ఎక్కువమంది ఏడ్చారు, కొందరు కోర్టుకూ వెళ్లారు. తన నవల 'ది ఆఫ్రికన్' నుంచి భాగాలు తీసుకున్నారని హెరాల్డ్ కూర్లాండర్ దావా వేస్తే 1978లో 6,50,000 డాలర్లకు రాజీ కుదిరింది. వంశవృక్షంలో కొన్ని కొమ్మలు ఊహే అని చరిత్రకారులు తేల్చారు. కోట్లమందికి తమ పూర్వీకుల వైపు చూసే ధైర్యం ఆ పుస్తకమే ఇచ్చిందన్నది కూడా నిజమే. రెండు నిజాలు ఒకే పుస్తకంలో ఉండటం వాదప్రియులకు మహా ఇబ్బంది. అందుకే ఎవరికి కావలసిన నిజం వాళ్లు పంచుకుంటారు.

హేలీయే రాసిపెట్టిన నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆత్మకథ 1965లో, మాల్కం హత్య తర్వాత విడుదలైంది. 2011లో మానింగ్ మారబుల్ ఏళ్ల తరబడి శ్రమించి కొత్త జీవిత చరిత్ర రాసి, ఆత్మకథలో అతిశయోక్తులూ దాపరికాలూ ఉన్నాయని చూపించారు. పుస్తకం బజారులోకి రావడానికి మూడు రోజుల ముందు ఆయన కూడా చనిపోయారు. జవాబు చెప్పాల్సిన ఇద్దరూ లేకపోవడంతో చర్చ మరింత సాఫీగా సాగింది. మరుసటి ఏడాది పుస్తకానికి పులిట్జర్ ఇచ్చారు. దాన్ని అబద్ధమని నిరూపించడానికి వ్యాస సంకలనాలూ అచ్చయ్యాయి. కోపంతో ఒక సంకలనం వేయడం ఈ రంగంలో చిట్టచివరి మర్యాదల్లో ఒకటి. ఆ మర్యాద కూడా త్వరలోనే కాలం చేసింది.

తనహాసీ కోట్స్ 2015లో కొడుక్కి ఉత్తరంగా రాసిన 'బిట్వీన్ ద వరల్డ్ అండ్ మీ' నేషనల్ బుక్ అవార్డు గెలిచింది. బాల్డ్విన్ పోయాక ఖాళీగా ఉన్న చోటు ఈయన నింపాడన్నట్టు నవలా రచయిత్రి టోనీ మోరిసన్ మెచ్చుకున్నారు. బాల్డ్విన్ వారసత్వం ఎవరిదన్నది పొలం గట్టు తగాదా లాంటిది, ఒక తరంలో తేలదు. తత్వవేత్త కార్నెల్ వెస్ట్ వెంటనే అభ్యంతరం చెప్పారు. 2017 డిసెంబరులో బ్రిటన్ 'గార్డియన్' పత్రికలో పూర్తిస్థాయి దాడికి దిగారు. కోట్స్‌కు తెల్లజాతి ఆధిక్యమే కనపడుతుంది, బ్యాంకుల దోపిడీ, యుద్ధాలు, పేదరికం కనపడవని ఆయన ఆరోపణ. ఆలోచించదగ్గదే. ఆలోచించే వ్యవధి మాత్రం ఎవరికీ దొరకలేదు. వెస్ట్ చెప్పింది నిజమేనంటూ తెల్లజాతి ఆధిక్యవాది రిచర్డ్ స్పెన్సర్ ట్విటర్‌లో వంత పాడాడు. తెల్ల ఆధిక్యం గురించి మరీ ఎక్కువ రాస్తున్నారన్న విమర్శకు మద్దతుదారు అటువైపు నుంచే దొరకడం ఇలాంటి తగవుల్లోనే సాధ్యం. కోట్స్ పన్నెండున్నర లక్షల అనుచరులున్న ఖాతా మూసేసి వెళ్లిపోయారు. ఎవరు గెలిచారన్న వాదన ఆ తర్వాత కూడా సాగింది.

2020 మేలో మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక అమెరికా ఒక్కసారిగా చదువుకోవాలని నిశ్చయించుకుంది. జూన్‌లో జాతివివక్ష మీద పుస్తకాలు దుకాణాల్లో దొరకలేదు. ఇబ్రమ్ ఎక్స్. కెండీ 'హౌ టు బీ యాన్ యాంటీరేసిస్ట్', రాబిన్ డియాంజెలో 'వైట్ ఫ్రజిలిటీ' అమ్మకాల జాబితాల పైకెక్కాయి. రెండో పుస్తకం రాసింది తెల్ల రచయిత్రి, రాసింది తెల్లవాళ్ల కోసం, తెల్లవాళ్ల ఉక్రోషం గురించి. నల్లవాళ్ల ప్రాణాల కోసం మొదలైన ఉద్యమంలో తెల్లవాళ్ల మనోభావాలకు అంత పెద్దపీట పడటం ఎవరికీ వింతగా తోచలేదు. కొలంబియా విశ్వవిద్యాలయ భాషావేత్త జాన్ మెక్‌వర్టర్‌కు మాత్రం తోచింది. నల్లవాళ్లను పసిపిల్లల్లా చూసే పుస్తకమని ఆ జూలైలోనే 'అట్లాంటిక్'లో దుయ్యబట్టారు. ఆయనా నల్లజాతివారే కనుక, ఆయన విమర్శ అసలైన నల్ల అభిప్రాయమా కాదా అన్న కొత్త పరీక్ష మొదలైంది. నిర్ణేతల్లో చాలామంది తెల్లవాళ్లు.

కొన్న పుస్తకాలు కాఫీ కప్పు పక్కన ఫొటోలు దిగాయి. ఫొటో పెట్టినవాళ్లను ఆడంబరమని తిట్టినవాళ్లు, ఫొటో పెట్టనివాళ్లను మౌనమని తిట్టినవాళ్లు, తిట్టినవాళ్ల పాత పోస్టులు తవ్వినవాళ్లు సమాన శ్రద్ధతో పనిచేశారు. ఈ దశలో తగవుకు అట్ట, శీర్షిక, రచయిత పేరు సరిపోతాయి. కాస్త పండితులైతే ఒక పేజీ స్క్రీన్‌షాట్ కూడా తెస్తారు. స్క్రీన్‌షాట్‌కు ముందు పేజీ ఎలా ఉందని అడిగినవాళ్లను ఎదుటి వర్గం గూఢచారులుగా లెక్కిస్తారు.

ఇంతలో చట్టసభలు రంగంలోకి దిగాయి. 2021 అక్టోబరులో టెక్సాస్ శాసనసభ్యుడు మాట్ క్రౌజ్ దాదాపు 850 పుస్తకాల జాబితా పంపి, ఏ బడిలో ఎన్ని ప్రతులున్నాయో, ఎంత ఖర్చయిందో చెప్పమన్నారు. 2022 మార్చిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి కేటాంజీ బ్రౌన్ జాక్సన్‌ను ప్రశ్నించేటప్పుడు సెనేటర్ టెడ్ క్రూజ్ కెండీ పిల్లల బొమ్మల పుస్తకం 'యాంటీరేసిస్ట్ బేబీ' పేజీలను పెద్దవి చేయించి తెచ్చి, పసిపాపలు జాతివివక్ష చూపుతారా అని అడిగారు. దేశ అత్యున్నత న్యాయస్థానానికి తొలి నల్లజాతి మహిళ అర్హత తేల్చడానికి ఆ ప్రశ్న ఎలా పనికొస్తుందో సెనేట్ రికార్డులు వివరించవు. ఆ పుస్తకం అమ్మకాలు మాత్రం చుక్కలనంటాయి. ప్రచురణ సంస్థలు పెట్టుకునే ప్రచార బడ్జెట్లలో ఇంత చవకైనది లేదు.

2021 జనవరిలో అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో ఇరవై రెండేళ్ల అమాండా గోర్మన్ చదివిన కవిత 'ది హిల్ వీ క్లైంబ్' చిన్న పుస్తకంగా వచ్చింది. టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే ముందుమాట రాశారు. 2023లో ఫ్లోరిడాలోని మయామీ లేక్స్ బడిలో ఒక తల్లి దాని మీద ఫిర్యాదు చేశారు. ఫారంలో రచయిత పేరు రాయాల్సిన చోట ఓప్రా విన్‌ఫ్రే అని ఉంది. అంటే అట్ట దాకా చదివినట్టు ఆధారం ఉంది, ఇలాంటి తగవుల్లో అది సగటు కంటే ఎక్కువే. బడి కమిటీ ఆ పుస్తకాన్ని పైతరగతుల పిల్లల అరలోకి మార్చింది, నిషేధించలేదని జిల్లా అధికారులు స్పష్టం చేశారు. అదే ఏడాది వాషింగ్టన్ పోస్ట్ దేశమంతటా 2021-22లో బడుల్లో దాఖలైన వెయ్యికి పైగా అభ్యంతరాలను పరిశీలిస్తే, అందులో 60 శాతం పదకొండు మంది వేసినవేనని తేలింది.