అరవై దెబ్బలు

దాచేపల్లిలో ఇంట్లో కూర్చుని పాట రికార్డు చేయాలంటే ముందు లారీలతో తేల్చుకోవాలి. నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారి ఊరి మీదుగానే పోతుంది. సిమెంటు ట్యాంకర్లు, సున్నపురాయి టిప్పర్లు, మిర్చి కాలంలో గుంటూరు యార్డుకు టిక్కీలు వేసుకుపోయే లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. మైకు పెడితే పాటకంటే ముందు హారను ఎక్కుతుంది.

ఆ ఊళ్లో పాటల పిచ్చి ఉన్న కుర్రాడొకడు మేడమీద గదిని స్టూడియోగా మార్చుకున్నాడు. పగలు పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర లెక్కలు రాస్తాడు. రాత్రి పాటలు కడతాడు. గది గోడలకు పాత పత్తి పరుపులు నిలబెట్టాడు, కిటికీకి గోనెపట్టాలు కొట్టాడు. ఒక ల్యాప్‌టాప్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఇరవై అయిదు మెట్ల చిన్న మిడి కీబోర్డు. స్టూడియో అంటే అంతే.

గొంతు రికార్డు చేయడానికి ఆ మాత్రం సరిపోతుంది. డ్రమ్స్‌కు సరిపోదు. నిజం డ్రమ్ సెట్టును రికార్డు చేయాలంటే పెద్ద హాలు కావాలి, అరడజను మైకులు కావాలి, వాయించే మనిషి కావాలి, అర్ధరాత్రి ఆ మోత భరించే ఇరుగుపొరుగు కావాలి. అందుకే ఇళ్లలో పాటలు కట్టుకునేవాళ్లు వర్చువల్ డ్రమ్స్ వాడతారు. మంచి హాల్లో, చేయి తిరిగిన డ్రమ్మరు చేత ఒక్కో డ్రమ్మును మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా కొట్టించి, ఆ దెబ్బలన్నీ విడివిడిగా దాచిపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. 2017లో వచ్చిన ‘సుపీరియర్ డ్రమ్మర్ 3’ శబ్దాలను బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోస్‌లో జార్జ్ మాసెన్‌బర్గ్ అనే పేరుమోసిన ఇంజనీరు రికార్డు చేశాడు. కంపెనీ ఆ పేరును దాచుకోలేదు, గొప్పగా చెప్పుకుంది. ఆ పేరు చూసి కొనేవాళ్లున్నారు.

దాచిన దెబ్బల్ని వరసలో పలికించేది మిడి. ఒక కంపెనీ కీబోర్డు మీద మెట్టు నొక్కితే మరో కంపెనీ వాయిద్యం పలికేలా అమెరికా, జపాన్ కంపెనీలు కూడబలుక్కుని 1983లో తెచ్చిన ఏర్పాటు అది. మిడిలో శబ్దం ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న అంకెలే ఉంటాయి. గట్టితనం 127 దాకా పోతుంది. డ్రమ్స్‌లో మామూలుగా 36 అంటే కిక్కు, 38 అంటే స్నేరు. ఏ క్షణాన నొక్కారో సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది. నొక్కిన చేయి ఎవరిదన్నది మాత్రం ఆ అంకెల్లో ఉండదు. అది మనుషులు రాసుకోవాల్సిన సంగతి.

కుర్రాడు కారంపూడి వీరుల ఉత్సవాల మీద పాట కట్టాడు. కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ అయిదు రోజులు సాగే పండగ అది. వీరుల ఆయుధాలైన కొణతాలు ఊరేగే పాటకు డ్రమ్ సెట్టు పెట్టి చూశాడు. పొసగలేదు. దానికి డప్పే కావాలి. దొరికిన ఒకటి రెండు డప్పు శబ్దాలు తెచ్చి వరసగా పేర్చి చూశాడు. ప్రతి దెబ్బా అచ్చుగుద్దినట్టు ఒకేలా పడి, వినేవాడికి అది డప్పు కాదని మొదటి చరణంలోనే తెలిసిపోయింది.

అప్పుడు ఊళ్లో డప్పుకు పేరున్న మనిషి దగ్గరికి వెళ్లాడు. ఆయనకు యాభై ఇంకా నిండలేదు. పెళ్లయినా చావయినా జాతరయినా చుట్టుపక్కల ఊళ్లు ముందు ఆయనకే కబురు పెట్టేవి. దరువులో మూడో దెబ్బను ఒక్క పిసరు ఆలస్యంగా వేయడం ఆయన చేతి తీరు. ఆ ఆలస్యంలోనే జనం కాళ్లు లేచేవి.

లారీలు కాస్త పలచబడ్డాక, రాత్రి పదకొండు దాటాక ఆయన వచ్చాడు. చలికాలం. మంచుకు డప్పు చర్మం మెత్తబడిపోయింది. మేడమీద ఆరుబయట పత్తికట్టె పోగేసి మంట పెట్టి, డప్పును తిప్పి తిప్పి కాచాడు. వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ కాచాడు. ఖంగుమన్నాక లేచి ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచేత చిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టుకుని మైకు ముందుకొచ్చాడు.

“ఒక్క దెబ్బ కొట్టు బాబాయ్. మోత పూర్తిగా ఆగేదాకా కదలమాక.”

ఆయన ఒకటి కొట్టాడు. చేయి ఆగలేదు. వెనకే రెండోది పడింది.

“ఒక్కటే బాబాయ్.”

“ఒక్కటి కొట్టి ఆగమంటే ఎట్టా అబ్బాయా? దెబ్బ ఎనక దెబ్బ పడితేనేగా డప్పు.”

“ఎనక దెబ్బ కంప్యూటర్ వేస్తది.”

ఆయనకు అది అర్థం కాలేదు గానీ కుర్రాడి మాట కాదనలేదు. చిర్రతో నడిమి దెబ్బ, అంచు దెబ్బ, చిటికెన పుల్లతో సన్న దెబ్బ. మూడింటినీ మెల్లదనం నుంచి గట్టిదనం దాకా అయిదు మెట్లుగా కొట్టించాడు. ఒక్కో మెట్టులో నాలుగేసి. ఒకే దెబ్బను మళ్లీ మళ్లీ వాడితే చెవి పసిగడుతుంది కాబట్టి, నాలుగింటినీ వంతుల వారీగా పలికించాలని అతని ఆలోచన. మొత్తం అరవై దెబ్బలు. నాలుగు కొట్టేసరికి చర్మం చల్లబడి శ్రుతి దిగేది. మళ్లీ మంట దగ్గరికి పోయేవాడు. సరిగ్గా దెబ్బ పడే వేళకు రోడ్డు మీద లారీ మోగేది. మళ్లీ కొట్టేవాడు. చెవులు నొప్పెట్టే చలిలో విసుక్కోకుండా తెల్లవారుజాము దాకా కొట్టాడు.

పని అయ్యాక టీ తాగుతూ మోకాలి మీద వేళ్లతో దరువు చూపించాడు. మూడో దెబ్బ ఎక్కడ పడాలో, ఎంత సేపు చేయి పట్టి వదలాలో చెప్పాడు. కుర్రాడు చూస్తూ కీబోర్డు మెట్ల మీద అలాగే నొక్కుకున్నాడు.

“ఇంతసేపూ దెబ్బలే తీసుకుంటివి. మంట ఇంకా ఉండాది, ఒక్క దరువు వేస్తా పట్టుకో అబ్బాయా” అన్నాడాయన.

కుర్రాడు అప్పటికే వైర్లు చుడుతున్నాడు. “చాలు బాబాయ్. దరువు నేను కట్టుకుంటా” అన్నాడు.

చేతిలో వెయ్యి రూపాయలు పెట్టాడు. మిరపకాయ కోతకు పోయినా రోజుకు అంత రాదని ఆయన సంతోషంగానే వెళ్లాడు. కాగితం రాసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

కుర్రాడి పనితనాన్ని తక్కువ చేయకూడదు. అరవై దెబ్బల్ని శుభ్రం చేసి, ఒక్కో రకాన్నీ ఒక్కో మెట్టుకు కట్టి, గట్టితనం అంకెను బట్టి సరైన దెబ్బ పలికేలా అమర్చాడు. సాఫ్ట్‌వేర్ దెబ్బలన్నింటినీ గీతల మీదికి లాగి వరసగా నిలబెడుతుంటే, మూడో దెబ్బను పట్టుకుని గీత తర్వాత ఇరవై మిల్లీసెకన్లకు జరిపాడు. బాబాయి ఆలస్యం అక్కడ దొరికింది. పాట యూట్యూబ్‌లో పెట్టాడు. కింద ‘సంగీతం, డప్పు ప్రోగ్రామింగ్’ అని రాసి తన పేరు వేసుకున్నాడు. అందులో మోసం చేయాలన్న ఊహ లేదు. మెట్లు నొక్కింది తానే కదా అనుకున్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. 1969లో అమెరికాలో విన్‌స్టన్స్ అనే బృందం ‘అమెన్, బ్రదర్’ అనే పాట విడుదల చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు కొన్ని సెకన్లపాటు ఒంటరిగా వాయించిన ముక్కను కోసి, తర్వాతి తరాలు వేల పాటల్లో అతికించుకున్నాయి. దాని మీద సంగీత శైలులే పుట్టాయి. కోల్‌మన్‌కు దాని తాలూకు రాయల్టీ పైసా అందలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో పోయాడు. మన దేశంలో కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద హక్కు ఇచ్చింది. సంగీతకారుడితో పాటు గారడీ చేసేవాడు, పాములాడించేవాడు కూడా ఆ చట్టం లెక్కలో ప్రదర్శకులే. 2012 సవరణ రాయల్టీ మాట కూడా చేర్చింది. ఇన్ని ఉన్నా, మేడమీది గదిలో ఇద్దరి మధ్య హక్కును నిలబెట్టేది ఒక్కటే. కొట్టినవాడి పేరు కొట్టిన రోజే రాయడం. దానికి లాయరు అక్కర్లేదు, ఖర్చూ లేదు.

పాట నాలుగూళ్లు దాటింది. నరసరావుపేట నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఒకరు ఆ డప్పు శబ్దాలు మాకూ ఇవ్వమని అడిగి, డబ్బిచ్చి పట్టుకుపోయారు. ఆ అరవై దెబ్బలే గణేశ్ నిమజ్జనం పాటల్లోకి, ఎన్నికల ప్రచారం పాటల్లోకి, పెళ్లి ఊరేగింపుల డీజే బండ్లలోకి ఎక్కాయి. బాబాయికి కబుర్లు తగ్గాయి. నలుగురు డప్పోళ్లను పిలిచి కూలీ, భోజనం, బండి ఖర్చు పెట్టుకునే బదులు ఒక్క డీజే బండి చాలనుకున్నారు జనం. ఒక పెళ్లిలో ఆయన వీధి చివర నిలబడి ఆ మోత విన్నాడు. “మూడో దెబ్బ బాగా పట్టాడు అబ్బాయి” అని పక్కవాడితో మురిసిపోయాడే గానీ, ఆ దెబ్బ తనదని చెప్పుకోలేదు.

పనుల్లేక క్వారీకి పోయాడు. ఒకనాడు సున్నపురాయి జారి కుడిచేతి మీద పడింది. మూడు వేళ్లు పోయాయి. చిర్ర పట్టే చేయి అదే.

రాష్ట్రంలో యాభై నిండిన డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. పేర్లు రాసుకుంటున్నారని వాడలో వినిపించింది. అప్పటికి ఆయనకు యాభై దాటింది. దరఖాస్తు పెట్టాడు. కొన్నాళ్లకు పరిశీలనకని ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీ లాక్కుని ఓపికగా అడిగాడు.

“డప్పు తెచ్చి కాస్త వాయించు పెద్దాయనా.”

బాబాయి కుడిచేయి చూపించాడు.

“అయ్యో. పోనీ, వాయిస్తున్నప్పటి ఫొటో ఏదైనా ఉందా?”

“పెళ్లిలో పెళ్లికొడుకును తీస్తారయ్యా ఫొటో. డప్పోళ్లను ఎవరు తీస్తారు?”

“నోటిమాట చాలదు. చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.”

బాబాయి మొహం వికసించింది. “ఉంది. అబ్బాయి కంప్యూటర్లో ఉంది” అని కబురంపాడు.

కుర్రాడు బట్టీ నుంచి బండేసుకుని వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి పాట పెట్టాడు. వచ్చినాయన చేయి తొడ మీద దరువు వేయడం మొదలెట్టింది.

“ఈ పాటా! మా మేనకోడలి పెళ్లిలో ఇదే వేశాం. ఏం డప్పయ్యా అది!” అంటూ జేబులోంచి ఫోను తీసి, పాట వెతికి, కింద ఉన్న రాత చదివాడు. తలెత్తి కుర్రాడి వంక చూశాడు. “డప్పుకు నీ పేరుందే?”

“దెబ్బలు బాబాయివి సార్. నేను మిడిలో పేర్చాను, అంతే.”

“ఆయన కొట్టింది విడిగా ఉంటే వినిపించు.”

కుర్రాడు అసలు ఫైళ్లు తెరిచాడు. ఒక దెబ్బ. మోత ఆగాక ఇంకో దెబ్బ. మళ్లీ ఇంకోటి.

“ఇలా ఒక్కొక్కటి నేను కొట్టినా పడుతుంది బాబూ. ఈయన దరువు వేసింది, ఒక్క నిమిషందైనా చాలు, అది పెట్టు.”

కుర్రాడి వేళ్లు ఫోల్డర్లన్నీ వెతికాయి. లేనిది ఎక్కడ దొరుకుతుంది?

“దరువు రికార్డు చేయలేదు సార్.”

“మరి పాటలో దరువు?”

“నేను కట్టిందే సార్.”

ఆయన పెన్ను మూత పెట్టాడు. గొంతులో వెటకారం లేదు, జాలే ఉంది.

“కాగితం మీద ఉన్నదే నేను రాయాలి బాబూ. దాని ప్రకారం డప్పు కళాకారుడివి నువ్వు. నీకు యాభై నిండాక దరఖాస్తు పెట్టుకో.”