బోధన సంతృప్తికరము

హెడ్మాస్టరుగారు తోటి ఉపాధ్యాయుని తరగతిలో కూర్చుండి పాఠము వినుట తనిఖీ కాదనియు, కేవలము సహకారమనియు విజయనగరము ఉన్నత పాఠశాలల స్టాఫు మీటింగులలో మాటిమాటికి వినబడుచుండును. ఆ సహకారము పేరెత్తగనే ఉపాధ్యాయుల ముఖములేల చిన్నబోవునో విచారింపక, కలహభీతిచే హెడ్మాస్టరుగారొక దివ్యోపాయమును కనుగొనిరి: ఏ దినమున, ఏ పీరియడునకు వేంచేయుదురో ముందుగనే సెలవిచ్చుట. ఆ దినమున, ఏడాది పొడుగున బీరువాలో నిద్రించిన చార్టులు గోడలెక్కును; నిన్న ముగిసిన పాఠము నేడు మరల ఆరంభమై, ప్రశ్న పూర్తి కాకమునుపే సమాధానములు లేచి నిలుచును.

ఈ విద్యకు మన ఊరు పుట్టినిల్లు. 1892లో ఇచ్చట తొలిసారి రంగమెక్కి, 1909 నాటికి గురజాడవారి చేతులలో మరింత పెరిగిన కన్యాశుల్కమున, ఇంగ్లీషు మాటాడుడని వెంకమ్మ అడుగగా, గురువు గిరీశమును, ఆమె కొడుకు వెంకటేశమును కలిసి నోటికి వచ్చినదెల్ల వల్లించి ఆ తల్లిని ఆనందపరవశురాలిని చేయుదురు. అది మాదిరి పాఠము కాక మరేమి? అయితే పాపము వెంకమ్మకు ఇంగ్లీషు రాదు. హెడ్మాస్టరుగారికి పాఠము వచ్చును, వచ్చియు రానట్లు కూర్చుండుటయే వారి పరిపాలనాదక్షత.

పిమ్మట రిజిస్టరు. “బోధన సంతృప్తికరము, బోధనోపకరణములు మరింత వాడవలెను” అను రెండు వాక్యములు లెక్కలకును, తెలుగునకును, పోయిన తరగతికిని, పోని తరగతికిని సమానముగ చెల్లును. ఉపాధ్యాయుడు సంతకము చేయును, యూనియను ఊరకుండును. భిన్నముల కూడికలో పిల్లవాడెచ్చట తడబడెనో ఎవరికిని పట్టదు.

ప్రపంచబ్యాంకువారు 2019లో టీచ్ అను కొలబద్దను నిర్మించి, పదునైదేసి నిమిషములు రెండుమార్లు పాఠమును చూచి, ఒకటి మొదలు ఐదు వరకు మార్కులు వేయుడనిరి. 2021లో వారు అప్పు మంజూరు చేసిన సాల్ట్ అను పాఠశాల విద్యా పథకము వెంట అది మన రాష్ట్రమునకును వచ్చినది. ఐదు వేసిన ముఖస్తుతి, రెండు వేసిన వైరము. శాంతికాముకుని చేత ఆ కొలబద్ద ఏ అంకెపై నిలుచునో జ్యోతిష్కుని అడుగ నక్కరలేదు.

నిజముగ వినినచో ఏమగునో మన ప్రాంతమున ఒకమారు చూచితిమి. 1907 ప్రాంతమున స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగ వచ్చిన యేట్సు దొర, పుస్తకములోని తెలుగునకును పిల్లవాని నోటి తెలుగునకును ఇంత దూరమేల యని అడిగెను. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిగారిని, గురజాడవారిని కదలించి, వ్యావహారిక భాషోద్యమమై, గ్రాంథికము వ్రాయు నా బోంట్ల కొంపకు నిప్పు పెట్టినది. ఇంతటి ప్రమాదము నెరిగియే కాబోలు, మన హెడ్మాస్టరుగారు పాఠము సాగుచుండగా తలవంచి, మధ్యాహ్న భోజనపు గ్రుడ్ల లెక్కను ఫోనులో ఎక్కించుకొనుచుందురు.