చిల్లర బాకీ

ధర్మపురి జిల్లాలో, పెన్నాగరము తాలూకాలో, రాగిచేలకును చింతచెట్లకును నడుమ, కొండల మరుగున నున్న మా పిక్కిలి గ్రామమునకు ఢిల్లీ వార్త చేరవలెనన్న నాలుగు భాషలు దాటవలెను. ఆజ్ఞ హిందీ పేరు పెట్టుకొని పుట్టును. దాని వివరణము ఇంగ్లీషులో వెలువడును. ఆ ఇంగ్లీషును రాత్రికి రాత్రి జీర్ణించుకొని తమిళ పత్రిక తెల్లవారుజామున బస్సెక్కును. ఆ తమిళమును టీకొట్టు బల్లపై గూర్చుండి నేను పెద్దగా చదివి, చుట్టును చేరిన మా తెలుగువారికి తెలుగున భాష్యము చెప్పుదును. పిల్లలకు ఎక్కములు చెప్పి చెప్పి విశ్రాంతి పొందిన బడిపంతులను గనుక ఈ ఉద్యోగము నాకు తగినదేయని యూరివారు నిర్ణయించిరి. జీతము లేదు, దినమునకు ఒక టీయు, ఒక బిస్కెట్టు పొట్లమును గలవు, వానికిని దుడ్లు నేనే ఇచ్చుకొందును.

ఇన్ని చేతులు మారిన వార్త దారిలో చెడిపోదా యని మీరడుగవచ్చును. వార్త చెడును, దాని ఫలము చెడదు. ధర పెరిగినదన్న వార్తకు భాష్యకారుని అవసరమే లేదు: పత్రిక బస్సు దిగక మునుపే ఆ ధర వచ్చి అంగడివాని గల్లాపెట్టెపై కూర్చుండియుండును. ధర తగ్గినదన్న వార్త మాత్రము నాలుగు భాషలలోను చెవిని బడియు, ఏ భాషలోను కంట బడదు. కొండవారము గనుక, ఎక్కుట ఆయాసమనియు, దిగుట సుకరమనియు మాకు పుట్టుకతోడనే తెలిసిన ప్రకృతి ధర్మము. ధరలు ఆ ధర్మమునకు బద్ధములు కావు. అవి ఎక్కునప్పుడు మేకలు, దిగునప్పుడు మోకాళ్ళ నొప్పుల ముసలివారు.

2025 సెప్టెంబరు 22వ తేదీ, శరన్నవరాత్రుల తొలినాడు, అట్టి దిగుడు వార్త యొకటి వచ్చినది. వస్తుసేవల పన్నునందు 5, 12, 18, 28 అను నాలుగు మెట్లలో రెండు మెట్లను తీసివేసి, 5ను 18ని మాత్రము నిలిపి, విలాసములకును వ్యసనములకును ప్రత్యేకముగ 40 అను గద్దెను కట్టించి, దేశమంతటను పండుగ చేసికొనుడని ఏలినవారు సెలవిచ్చిరి. నేను చిన్నకార్లకు 28 పోయి 18 వచ్చినదని చదివితిని. బల్లమీదివారు తల లూపిరి. పెద్ద టీవీలకును అట్లేయని చదివితిని, మరల లూపిరి. పెట్టెలలో అమ్ము పాలకు పన్ను బొత్తిగా లేదని చదువగా, పొయ్యి కడనున్న టీకొట్టు మామ గరిటె పైకెత్తి, "అయ్యోరా, మన ఆవుపాలకు?" అని యడిగెను. ఆవుపాలకు మొదటినుండియు పన్ను లేదప్పా, లేనిది తగ్గుటెట్లు అంటిని. "గ్యాసు బండకు?" అనెను. హోటళ్ళవారు వాడు బండకు 18 ఉండెను, 18గానే యున్నదని పత్రిక తిరుగవేసి చూచి చెప్పితిని. మామ కొంతసేపు ఆలోచించి, "అట్లయితే నా టీ ఎందుకు తగ్గాల?" అని గరిటె దించెను. ఇందుకు సమాధానము చెప్పగల ఆర్థికశాస్త్రవేత్త మా తాలూకాలో నాకు కనబడలేదు.

అయినను నాకొక లాభము కలిగినది. నేను నిత్యము తిను అయిదు రూపాయల బిస్కెట్టు పొట్లముపై 18 పోయి 5 వచ్చుటచే, లెక్క కట్టి చూడగా నాలుగు రూపాయల నలుబదియైదు పైసలు తేలినది; కంపెనీవారును ఆ లెక్కనే తేల్చిరని పత్రికలో బడినది. నలుబది యేండ్లు ఎక్కములు చెప్పినవానికి ఇట్టి ధర యెంత సంతోషము నిచ్చునో ఇతరులకు తెలియదు. మామకు అయిదు రూపాయల బిళ్ళ ఇచ్చి, మిగిలిన 55 పైసలకై చేయి చాపితిని. మామ నా వంక జాలిగా చూచెను. పావలాను 2011 జూన్ 30తోనే సర్కారువారు స్వర్గస్థురాలిని చేసిరి. అర్ధరూపాయి చట్టము దృష్టిలో జీవించియే యున్నదట గాని, మా సంతలో దానిని చూచినవారు లేరు. ఇక అయిదు పైసల మాట నా మనుమలు కథగా విందురు. పైసలను చంపినవారును, ధరను పైసలలోనికి దించినవారును ఒక్కరేయైనప్పుడు మామను ఏమని నిందింతును? "బాకీ రాసుకో అయ్యోరా" అనెను. వ్రాసికొంటిని.

పన్నుల విషయమున మా జిల్లావారికి పూర్వానుభవము లేకపోలేదు. 2017 జూలై 1న ఈ పన్ను అవతరించినప్పుడు, పచ్చి చింతపండునకు పన్ను లేదనియు, ఎండిన చింతపండునకు మాత్రము గలదనియు చదివి వినిపించితిని. మా చింతపండును ఎండబెట్టువాడు సూర్యుడు. ఆయన కూలి యడుగడు, రసీదు ఇయ్యడు, పన్ను చీటీలో పేరు నమోదు చేయించుకొనడు. ఆయన చేసిన సేవకు మేము పన్ను కట్టవలసి వచ్చినది. దించి దించి నూటికి 5 చేసి, తుదకు 2019 అక్టోబరు 1 నుండి దానిని పూర్తిగా ఎత్తివేసిరి. ఆ రెండేండ్ల పైచిలుకు కాలమున చింతపండు ఎప్పుడు పచ్చితనము వీడి ఎండుతనమును పొందునను వేదాంత విచారము మా యంగళ్ళలో జరిగినంతగా ఏ మఠమునందును జరిగియుండదు. పిదప కోయంబత్తూరు హోటలు యజమాని యొకరు, బన్నునకు లేని పన్ను అందులో క్రీము పెట్టగనే 18 ఎట్లగునని ఆర్థికమంత్రిణి సమక్షమున అడిగి, తరువాత క్షమాపణ చెప్పుకొనిరని 2024లో చదివినప్పుడు గాని, పేలాలకు ఉప్పుకారము చల్లిన నొకటి, పొట్లము కట్టిన నొకటి, పాకము పట్టిన నొకటిగా మూడు పన్నులని ఆ యేటి డిసెంబరులోనే చదివినప్పుడు గాని మావారు ఆశ్చర్యపడలేదు. చింతపండు చూచినవారికి పేలాలు లెక్కయా?

దేశీయమైన విచిత్రములు చాలవని విదేశములవారు గూడ మా వీధి కెక్కిరి. మన దేశము రష్యావారి నూనె కొన్నదన్న కోపమున అమెరికా అధ్యక్షుడు, అంతకుమునుపు వేసిన 25కు తోడు మరియొక 25 చేర్చి, 2025 ఆగస్టు 27 నుండి మన సరకులపై నూటికి 50 సుంకము విధించెను. రష్యా నూనెతో పిక్కిలిలో ఎవ్వరును తిరుగమోత పెట్టి యెరుగరు. కాని మా కుర్రవాండ్రు తిరుప్పూరునకు పోయి బనియన్ల మిల్లులలో కుట్టుపని చేయుదురు. ఆ బనియన్లు తొడుగుకొనువారు అమెరికాలో నుందురు. మా వీధి చివరి యింటి పిల్లవాడు తల్లికి ఫోను చేసి, "ఓటీ లేదమ్మా, ఈ నెల దుడ్లు తక్కువ" అనినాడు. ఆ తల్లి నా కడకు వచ్చి, "అయ్యోరా, ఆ ట్రంపునకు మనమేమి చేసినాము?" అని, పొరుగింటి కోడిని మన కుక్క పట్టినప్పుడు అడుగునట్టి కంఠస్వరమున అడిగినది. వాషింగ్టనుకు మాస్కోకు గల వైరమును ఆమెకు తెలుగున విప్పి చెప్పుటకు నాకొక గంట పట్టినది. అంతయు విని, "సరే, అదంతా వాళ్ళ వాళ్ళ గొడవ, నా కొడుకు ఓటీ ఎందుకు పోయింది?" అనినది.

ధరలు దిగుట యెరుగవని పైన వ్రాసితిని. అది పూర్తిగా సత్యము కాదు. దిగుటయందు అసమాన ప్రావీణ్యము గల ధర యొకటి కలదు: రైతు అమ్మునట్టిది. మాకు పాలకోడు సంత ప్రసిద్ధము, ఆ సంతకు తక్కాళి, అనగా టమాటా, ప్రసిద్ధము. 2023 జూలైలో ఆ తక్కాళి కిలో నూరు రూపాయలు దాటినప్పుడు దేశము దద్దరిల్లినది; దూరదర్శనముల వారు రాత్రింబగళ్ళు గగ్గోలు పెట్టిరి; రాష్ట్ర ప్రభుత్వము కిలో 60కి రేషను అంగళ్ళలో అమ్మించెను. తక్కినప్పుడు అదే తక్కాళి కోతకూలికి గూడ చాలక, తీగెమీదనే మురిగి, బాటప్రక్కన గుట్టలై పడినప్పుడు, ఆ గుట్టల మీదుగా పోయిన ప్రభుత్వ వాహనములు టైర్లు కడిగించుకొన్నవేమో గాని వేరు చర్య తీసికొన్నట్లు నేనెరుగను. కొనువాడు ఏడ్చిన అది వార్త, అమ్మువాడు ఏడ్చిన అది వాతావరణము. ఈ భేదమును పత్రికలు నాకు నేర్పినవి. నేను పత్రిక చదువుటచే కలిగిన ముఖ్య విద్య యిదియే.

బంగారము మాట వేరు. 2025 డిసెంబరులో రూపాయి డాలరుకు 90 దాటి జారినది. ఆ మాసముననే సవరను లక్ష దాటి యెగిరినది. ఎదురింటి అవ్వకు రెండు కమ్మలు కలవు. వాన రాకున్న అవి సొసైటీ బ్యాంకుకు పోవును, వాన వచ్చిన చెవులకు తిరిగి వచ్చును. మా యూరి వర్షపాతమును అవ్వ చెవులు చూచి చెప్పవచ్చును. ఆ యేటి ఏప్రిలులో రిజర్వు బ్యాంకువారు, కుదువబెట్టు నగ మీదేయనుటకు రుజువు ఉండవలెనని ముసాయిదా వెలువరించిరి. చదివి చెప్పితిని. అవ్వ చెవులు తడుముకొని, "మా అమ్మ చెవి కుట్టినప్పుడు పెట్టింది నాయనా. రసీదుకు ఆమెను యాడనుంచి పిలిపించేది?" అనినది. తమిళనాడంతయు గగ్గోలెత్తగా, రసీదు లేకున్నను, నగ తనదేయని కుదువబెట్టువారు వ్రాసి యిచ్చు కాగితము చాలునని జూన్‌లో సడలించిరి. అవ్వ తల్లికి ఆ శ్రమ తప్పినది.

ఇంతలో పాలకులు మమ్ము మరచిరనుకొనవలదు. 2006లో రంగుల టీవీ వచ్చినది. 2011లో మిక్సీ, గ్రైండరు, ఫ్యాను వచ్చినవి. మా జిల్లా తొప్పూరులోనే 2023 జూలై 24న అప్పటి ముఖ్యమంత్రిగారు దరఖాస్తుల శిబిరమును ప్రారంభింపగా, ఆ సెప్టెంబరు నుండి ఆడువారి ఖాతాలో నెలకు వేయి రూపాయలు పడసాగినవి. ఆ వేయిని నేను హేళన చేయను. దానితో మందులు కొన్న అవ్వలను ఎరుగుదును. కాని 2003 నుండి మద్యపు సీసాలను తానే అమ్ముచున్న సర్కారు, ఇంటి ఆడుదాని చేతికి కుడిచేత నిచ్చి, ఇంటి మగవాని జేబునుండి ఎడమచేత పుచ్చుకొనుటలో చూపు హస్తలాఘవము మాత్రము నాకు మిక్కిలి ప్రీతికరము. ఇక ఉపాధి హామీ పథకపు నూరు దినముల పనిని, 2025 డిసెంబరులో కేంద్రమువారు 125 దినములు చేసి, ఖర్చులో నూటికి 40 రాష్ట్రముపై మోపి, విత్తుకాలమందును కోతకాలమందును 60 దినములు పని నిలుపవచ్చునని చెప్పి, ఒక పెద్ద హిందీ పేరు పెట్టిరి. ఆ పేరు పలుకుటకు ప్రయత్నించి మావారు విరమించిరి. మాకది నేటికిని నూరునాళ్ళ పనియే.

ఈ ధర్మపురికి పూర్వనామము తగడూరు. దాని నేలిన అదియమాన్, తిన్నవారికి దీర్ఘాయువు నిచ్చు ఉసిరికను తాను తినక అవ్వయ్యారను కవయిత్రి కిచ్చెనని ప్రసిద్ధి. ఆ ఉసిరికపై తన బొమ్మ అచ్చువేయించినట్లు గాని, ఆమెను రేషను కార్డు తెమ్మనినట్లు గాని ఎవరును వ్రాయలేదు. పాతకాలపువాడు, ప్రచారము తెలియదు.

నా బాకీ మాట. ఇరువది దినములు ఇరువది పొట్లములు తింటిని. 55 పైసల చొప్పున మామ నాకు సరిగా పదునొకండు రూపాయలు బాకీ పడెను. లెక్క ముందుంచితిని. మామ నిజాయితీపరుడు; చిల్లర లేదని, రూపాయి కొకటి చొప్పున పదునొకండు చప్పరించు బిళ్ళలు నా చేతిలో పోసెను. నేను కండ్లద్దములు సవరించుకొని, ఈ బిళ్ళ ధరయు పండుగనాడే తగ్గి 88 పైసలైనది గదా మామా, బిళ్ళకు 12 పైసల వంతున ఇంకను ఒక రూపాయి ముప్పదిరెండు పైసలు రావలెను అంటిని. మామ మారుమాటాడక మరియొక బిళ్ళ ఇచ్చెను. అప్పటికి 44 పైసలు మిగిలినవి. అనగా సరిగా సగము బిళ్ళ. మామ సీసాలోనుండి ఒక బిళ్ళ తీసి, దానిని, నన్ను మార్చి మార్చి చూచి, మరల సీసాలో వేసి మూత బిగించెను.

తరువాత కంపెనీవారు పొట్లము వెలను తిరిగి అయిదు రూపాయలు చేసి, లోపల బరువు పెంచితిమనిరి. ఆ సగము బిళ్ళ మాత్రము నాకింకను రావలసియున్నది.