చార్మినార్‌కి కారులో వెళతారా?

ఇప్పటి పిల్లలకి చార్మినార్ చూడటం ఒక పూట పని కూడా కాదు. కారు పోయినంత దూరం కారులో పోవడం, దిగి నాలుగు ఫొటోలు తీసుకోవడం, ఓ బిర్యానీ తినడం, అటునుంచటే గోల్కొండ. ‘అన్నీ కవర్ చేశాం తాతయ్యా’ అంటారు. ఏం చూశార్రా అంటే ఫోను చేతికిస్తారు.

మా రోజుల్లో సెలవు దొరికితే స్నేహితులమంతా అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్ మీద మూసీ దాటి నడిచే వెళ్లేవాళ్లం. డబ్బుల్లేక కాదు, ఆ ఊరు కట్టిందే నడిచేవాడి కోసం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. దానికి ఉత్తరాన నాలుగు కమాన్లు లేచాయి. మచ్లీ కమాన్ దాటితే గుల్జార్ హౌజ్, అటొకటి ఇటొకటి కమాన్లు, ఎదురుగా ఇంకొకటి. ఆ ఎదుటి కమానులోంచి చార్మినార్ కనబడుతుంది. అడుగు వేసేకొద్దీ మినార్లు పైకి లేస్తాయి. కారు అద్దంలోంచి ఇది కనబడమంటే ఎలా కనబడుతుంది?

దారిలో, మొహర్రంకి పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. ఇప్పుడు ఎవరినడిగినా పేరే వినలేదంటారు, అదే నా బాధ. కులీ కుతుబ్ షా కట్టించిందే అదీను. లోపల గోడల నిండా నీలం, పసుపు, ఆకుపచ్చ పింగాణీ పలకల పని. 1908 మూసీ వరదలో కింది పలకలు పోతే, ఆ మేరకు రంగులతో అదే నమూనా దింపారు. గోడకి దగ్గరగా నిలబడితే మెరుపు ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మాలో బొమ్మలు వేసేవాడొకడు అక్కడే కూలబడేవాడు. వాణ్ణి లేపడం మా తరమయ్యేది కాదు. ఆ తర్వాతే ఇరానీ చాయ్.

అప్పుడు చార్మినార్ చుట్టూ బస్సులు పొగ చిమ్ముతూ తిరిగేవి. ఇప్పుడు బండ్లు ఆపి రాళ్లు పరిచారు. మంచిపని, కాదనను. కానీ పాతబస్తీలో పాత గోడ పెచ్చు ఊడితే సిమెంటు మెత్తేస్తున్నారే, అది చూస్తే ఒళ్లు మండుతుంది. గానుగ సున్నం గోడలోని తేమని బయటికి పోనిస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగబట్టేస్తుంది, చివరికి పక్కనున్న పాత పూతనీ ఊడగొడుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, పిలవాలంతే.

పత్తర్‌గట్టీ సంగతి మరీ ఘోరం. వరద తర్వాత నిజాం కాలంలో వరసగా రాతి కమాన్లతో కట్టిన బజారది. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే తీరు, ఒకే ఎత్తు. ఇప్పుడు ఆ కమాన్ల మొహాన ప్లాస్టిక్ బోర్డులు, కరెంటు తీగలు. రాయి కనబడితేగా చూడటానికి! ముందు ఆ బోర్డులు దింపించాలి. ఈసారి మీ స్నేహితులొస్తే కారు అఫ్జల్‌గంజ్‌లోనే వదిలేయండి, ఆషూర్‌ఖానా దాకా నేనూ నడిచి వస్తాను.