నిమిషానికో రైతు

కోటిన్నర మంది రైతుల్ని పదిహేను రోజుల్లో కలిసేస్తామని కేంద్రం పంపిన శాస్త్రవేత్తలు జీపులెక్కారు. పేరు ఘనంగానే ఉంది: వికసిత్ కృషి సంకల్ప్ అభియాన్. నినాదం ఇంకా ఘనం: ల్యాబ్ నుంచి ల్యాండ్‌కి. 2025 మే 29న బయల్దేరి జూన్ 12కల్లా దేశాన్ని చుట్టేశారు. మా భిలాయ్ క్యాంప్ 1లో ఏ తెలుగింటి తలుపు తట్టినా, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మడి వదిలేసి ఈ ఉక్కు కర్మాగారం కట్టడానికొచ్చిన తాత కథ ఒకటి దొరుకుతుంది. సేద్యం మరిచిపోయాం గానీ లెక్కలు మరిచిపోలేదు. బృందాలు 2,170. ఒక్కో బృందం వంతుకు 6,900 మంది పైచిలుకు రైతులు. అంటే రోజుకు 460 మంది. మంచినీళ్లు కూడా తాగకుండా ఎనిమిది గంటలు పనిచేస్తే, నిమిషానికో రైతు. "ఇదేటి లెక్క బాబూ?" అంటారు మావాళ్లు.

ఆ నిమిషంలోనే రైతు తన పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి. మొన్న మాడిపోయిన నారుమడి గురించి మొదలెట్టాలి. శాస్త్రవేత్త తల ఊపాలి. మట్టిని పరీక్షించాలి. సర్పంచ్‌గారితో ఫొటో దిగాలి. మా పవర్‌హౌస్ రైల్వే స్టేషన్‌లో జనరల్ టికెట్టు తీసుకోవడానికే ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది. పోనీ, వందలమందిని షామియానా కింద కూర్చోబెట్టి మైకులో చెప్పేశారే అనుకుందాం. అప్పుడది ఉపన్యాసం అవుతుంది. ఎండాకాలం చివర్లో, నాగలి బాగుచేసుకుని మబ్బుకేసి చూస్తున్న మనిషికి ఉపన్యాసం ఎందుకో పెద్దలే చెప్పాలి. పైగా అభియాన్ ముగిసిన మర్నాడు ఆ రైతుకి సందేహం వస్తే ఎవర్ని అడగాలి? జీపు వెళ్లిపోయింది కదా.

ఇంతకీ ఆ మైకులో ఏం చెబుతారు? వరి తగ్గించండి, పప్పులు వేయండి, నీళ్లు పొదుపు చేయండి అంటారు. మంచి మాటే. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లోనేమో రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల దాకా, క్వింటాలు 3,100 రూపాయల చొప్పున వడ్లే కొంటుంది. దుర్గ్ రైతు ఎవరి మాట వినాలట?

ఇలాంటి ఘనమైన పథకాలు మాకు కొత్త కాదు. సుస్థిర గ్రామాభివృద్ధి పేరుతో 2020లో ఇక్కడి రైతుల హరేలీ పండగనాడు కిలో రెండు రూపాయలకు పేడ కొనడం మొదలెట్టారు. ప్రభుత్వం మారింది, పేడ మళ్లీ పేడైపోయింది. ఆంధ్రలో 2024 నాటికి అరవై లక్షల మంది రైతులు ప్రకృతి సేద్యంలోకి వచ్చేస్తారని 2018లో ప్రకటించారు. 2024 మాత్రం వచ్చి వెళ్లిపోయింది.

ఇక నవ్వడం నావల్ల కాదు. ల్యాబ్ నుంచి ల్యాండ్‌కి సరే, ల్యాండ్ నుంచి ల్యాబ్‌కి వెళ్లినదాని సంగతేమిటి? కటక్ వరి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్న ఆర్.హెచ్. రిచారియా, విదేశీ పొట్టి వంగడాలను ఆదరాబాదరాగా దించొద్దన్న పాపానికి పదవి పోగొట్టుకున్నారు. తర్వాత రాయ్‌పూర్‌లో కూర్చుని ఈ ప్రాంతపు పల్లెల నుంచి వేల రకాల వడ్లు సేకరించారు. ఆ రకాల్ని తరతరాలుగా ఎంచి, ఆరబెట్టి, దాచినవాళ్లు చదువురాని ఆడవాళ్లు, ఆదివాసీ రైతులు. ఆ పనికి వాళ్లకెవరూ ప్రాజెక్టు నిధులివ్వలేదు. రాయ్‌పూర్‌లోని రిచారియా సంస్థను మూసేశారు. సేకరణ చివరికి రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. 2002లో ఆ విశ్వవిద్యాలయం సింజెంటా అనే విదేశీ విత్తన కంపెనీతో ఒప్పందానికి దిగింది. బేరంలో ఉన్నవి 22,972 రకాల వరి! రైతుల్ని ఒక్క మాట అడగలేదు. జనం వీధికెక్కితే డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. సిగ్గుతో కాదు, గోలకు భయపడి. రైతు విత్తనం ఇస్తే అది ప్రజల ఆస్తి, శాస్త్రవేత్త విత్తనం ఇస్తే అది రైతుకు చేసిన ఉపకారం. ఇదెక్కడి న్యాయం?

అభియాన్‌కు కొద్దిరోజుల ముందే, మే 4న, జన్యువు సవరించిన 'కమల' వరిని ప్రకటించారు. అది మన బాపట్ల సాంబ మసూరికి చేసిన మార్పే. దిగుబడి 19 శాతం ఎక్కువట. పండితే సంతోషమే. కానీ ల్యాబ్ చేతికి ఏ విత్తనం దొరికినా, దాని మూలం ఎక్కడో ఒక పొలంలోనే ఉంటుంది.

అందుకే అన్నలారా, ఈసారి శాస్త్రవేత్తలు మీ ఊరొస్తే దండలు, కొబ్బరికాయలు పక్కన పెట్టి మైకు మీరే తీసుకోండి. మా ఊళ్లనుంచి పట్టుకెళ్లిన వడ్ల జాబితా ఎక్కడుంది, అందులోంచి నారుమడికి సరిపడా విత్తనం మాకెప్పుడిస్తారు అని అడగండి. జవాబు చెప్పేదాకా కుర్చీ వేయకండి.