కనబడుటలేదు

2024 జూన్ 4 మధ్యాహ్నం నుంచి ఒక ఓటరు కనబడటం లేదు. ఆనవాళ్లు: ఎడమచేతి చూపుడు వేలి మీద సిరా చుక్క, ఓటు వైసీపీకి. పటమట రైతుబజారు దగ్గర టీకొట్లో వాకబు చేశాను. అందరూ కూటమే. పుచ్చు చూసి వంకాయలు ఏరుతున్న పిన్నిగారు "మేమా? రామరామ!" అని చెంపలేసుకున్నారు. ఆటోనగర్ మెకానిక్ కొట్టినంత పని చేశాడు. ఎన్నికల సంఘం లెక్కలో మాత్రం రాష్ట్రంలో నూటికి 39 మంది పైనే వేశారు. వాళ్లంతా ఫలితాల రాత్రే హైదరాబాద్ బస్సెక్కేసి ఉండాలి.

2019లో తప్పిపోయింది తెలుగుదేశం ఓటరు. చిత్రమేమిటంటే వాళ్లూ నూటికి 39 మందే. ఆ ఏడు కూడా మన విజయవాడ తూర్పులో సైకిలే గెలిచింది, అయినా సైకిలుకి వేశానని టీకొట్లో ఒప్పుకున్న మగాడు లేడు!

అప్పుడు తెలుగుదేశానికి 23 సీట్లు, ఇప్పుడు వైసీపీకి 11. నూటికి పదిమంది జారుకుని, అవతలివాళ్లు జట్టు కట్టేసరికి 151 కాస్తా అలా అయింది. పుచ్చుకున్నవాడు ఓటెయ్యకుండా ఎక్కడికి పోతాడని ఏలినవారి ధీమా. పసుపు-కుంకుమ కింద పదివేలు ఇచ్చినాయన ఓడారు. బటన్లు నొక్కి "వై నాట్ 175" అన్నాయనా ఓడారు. రెండు రూపాయల బియ్యం పెట్టిన అన్నగారినే 1989లో ఇంటికి పంపిన జనం మనం.

కంకిపాడు వైపు మూడెకరాలున్న బాబాయిని కారణం అడిగాను.

"పొలం మా తాతది. పాసుపుస్తకం మీద బొమ్మ ఈయనదా?"

"మరి రైతుభరోసా తీసుకున్నారుగా?"

"తీసుకోనా ఏంటి? అది మన డబ్బేగా!"

"పక్కింటోళ్ల అమ్మఒడి?"

"అదిగో, రాష్ట్రాన్ని ముంచింది అదే."

ఇప్పుడు టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఉచిత బస్సు పెట్టాక మగాళ్లకి సీటు దొరకడం లేదని కొత్త ప్రభుత్వాన్ని తిడుతున్నాడు. పిన్నిగారు ఆ బస్సులోనే బందరులో కూతురింటికి వెళ్లొచ్చారు, పైసా ఖర్చు లేకుండా. ఛార్జీ మిగిలినందుకు కాదు, కండక్టరు విసుక్కున్నందుకు ఆవిడ కోపం.

ఆచూకీ తెలిసినవారు త్వరగా తెలియజేయగలరు. 2029 తర్వాత ఇదే జాగాలో కూటమికి ఓటేసినవాడి కోసం ప్రకటన వేయాల్సి రావచ్చు.